పాలు ఒక్కటేనా కారణం? యాంటీబయాటిక్–లోహ అయాన్ సంబంధాన్ని వివరించే తీరుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కొన్ని యాంటీబయాటిక్‌లను పాలతో కలిపి తీసుకోరాదన్న సూచన వైద్యవిద్యలోను, జనవ్యవహారంలోను స్థిరపడింది. పాలలోని లోహ అయాన్ ఔషధాన్ని బంధించి, శోషణను అడ్డుకుంటుందన్నది దీనికి చెప్పే కారణం. ఈ వివరణ అసత్యం కాదు గాని అసంపూర్ణమని, దాని అసంపూర్ణత రోగికి నష్టం కలిగించగలదని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది. లోహ అయాన్‌ను కేవలం అడ్డంకిగా చూపే వివరణ మూడు విషయాలను మరుగుపరుస్తున్నది: పాల కంటే బలంగా ఔషధాన్ని పట్టుకొనే ఇతర పదార్థాలు, ఔషధం పనిచేయడానికి లోహమే ఆధారమైన సందర్భాలు, జీర్ణాశయంతో ప్రమేయం లేకుండా రక్తంలోను ఎముకలోను జరిగే చర్యలు.

కీలకపదాలు: యాంటీబయాటిక్, లోహ అయాన్, కీలేషన్, శోషణ, టెట్రాసైక్లిన్, ఫ్లోరోక్వినలోన్, పథ్యం

1. ఉపోద్ఘాతం

మందు ఇచ్చేటప్పుడు పథ్యం చెప్పడం తెలుగునాట అనాదిగా వస్తున్న ఆచారం. పులుపు మానమంటారు, వంకాయ వద్దంటారు. పథ్యం చెప్పేవారు కారణం చెప్పరు, వినేవారు అడగరు. ఆధునిక ఔషధశాస్త్రం ఇందుకు భిన్నమైన మార్గంలో నడుస్తుందని భావిస్తాం. ప్రతి నిషేధానికీ అక్కడ ప్రయోగం, పరిమాణం, కారణం ఉంటాయి. అయితే శాస్త్రం కనుగొన్న నిషేధం ప్రయోగశాల దాటి తరగతి గదికి, అక్కడి నుండి మందుల దుకాణానికి, చివరకు ఇంటికి చేరేసరికి మళ్ళీ పథ్యంగానే మారిపోవడం కనిపిస్తుంది. "ఈ మాత్ర పాలతో పడదు" అన్న వాక్యం ఇందుకు చక్కని ఉదాహరణ.

కారణం తెలియని నిషేధం రెండు విధాలుగా దారి తప్పుతుంది. ఒకటి అతివ్యాప్తి. యాంటీబయాటిక్ ఏదైనా సరే పాలు మానేయాలన్న భావన అలా పుట్టినదే. అమాక్సిసిలిన్‌కు పాలతో ఇటువంటి ఇబ్బంది ఏదీ లేదు. రెండవది అవ్యాప్తి. పాలు మానిన రోగి అదే పూట ఐరన్ మాత్రో, గ్యాస్ మందో వేసుకొని, తాను నియమం పాటించాననే అనుకుంటాడు. తర్కశాస్త్రం లక్షణానికి చెప్పిన ఈ రెండు దోషాలూ ఒకే వాక్యంలో కలసి ఉండడం గమనార్హం.

2. చారిత్రక నేపథ్యం: ఆరియోమైసిన్ నుండి

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి ఔషధమైన ఆరియోమైసిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో వెలుగు చూసింది. మిస్సోరీ విశ్వవిద్యాలయ క్షేత్రం నుండి తెచ్చిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ దానిని వేరుచేశాడు. ఆ సంస్థలో పరిశోధనకు అప్పుడు నాయకత్వం వహిస్తున్నది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఔషధం ప్రపంచానికి పరిచయమైన 1948లోనే ఆయన కన్నుమూశారు.

ఆరియోమైసిన్ వాడినవారిలో వికారం, కడుపులో మంట సాధారణంగా కనిపించేవి. వాటిని తగ్గించడానికి వైద్యులు అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్‌ను కలిపి ఇచ్చేవారు. ఆ జెల్ కలిపినప్పుడు రక్తంలో ఔషధస్థాయి పడిపోతున్నదని 1950 నాటికే పరిశోధకులు ప్రకటించారు. ఈ చరిత్రలో ఒక విశేషం ఉంది. లోహం ఔషధాన్ని అడ్డుకుంటుందన్న ఎరుక వైద్యులకు పాల ద్వారా కాక, ఔషధం కలిగించిన బాధను తగ్గించడానికి ఇచ్చిన మరొక మందు ద్వారా కలిగింది. కాలక్రమంలో జనవ్యవహారంలో పాలు నిలిచాయి, యాంటాసిడ్ మరుగున పడింది. తొలి పాఠంలోని ప్రధాన పాత్ర మలిపాఠంలో కనుమరుగైందన్న మాట.

3. పీత పట్టు, ఉడుంపట్టు

ఈ చర్యకు రసాయనశాస్త్రం పెట్టిన పేరు కీలేషన్. మోర్గాన్, డ్రూ అనే శాస్త్రజ్ఞులు 1920లో గ్రీకు భాషలో పీత కొండిని తెలిపే పదం నుండి ఈ పేరును తీశారు. ఒక అణువు తనలోని రెండు లేదా అంతకు మించిన పరమాణువులతో ఒకే లోహ అయాన్‌ను ఇరువైపుల నుండి పట్టుకొనడమే కీలేషన్. టెట్రాసైక్లిన్‌లో 11, 12 స్థానాల వద్ద ఉన్న ఆక్సిజన్లు, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినలోన్‌లలో 3వ స్థానపు కార్బాక్సిల్ సమూహం, 4వ స్థానపు కీటో సమూహం ఈ కొండ్ల పని చేస్తాయి. ఇలా ఏర్పడిన సంక్లిష్టం పేగు గోడను సులభంగా దాటలేదు. కొన్నిసార్లు ద్రవంలో కరగనే కరగదు. అందువల్ల ఔషధంలో కొంత భాగం రక్తంలోకి చేరకుండా మలంతో పోతుంది.

ప్రచారంలో ఉన్న వివరణలో పెద్ద లోపం ఈ పట్టు స్వభావానికి సంబంధించినది. "బంధించి వేస్తుంది" అన్న మాట వినగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది ఉడుంపట్టు. పట్టిందంటే వదలనిది అది. కాని కీలేషన్ సాధారణంగా ఉత్క్రమణీయ చర్య. పట్టుకోవడం, వదలడం రెండూ జరుగుతూ ఒక సమతాస్థితి ఏర్పడుతుంది. లోహాన్ని బట్టి, ద్రవపు ఆమ్లత్వాన్ని బట్టి, పోటీకి వచ్చే ఇతర అణువులను బట్టి ఆ సమతాస్థితి అటూ ఇటూ మొగ్గుతుంది. ఈ ఔషధాలతో ఫెర్రిక్ ఇనుము, అల్యూమినియం వంటి త్రివేలన్సీ అయాన్ల పట్టు బలమైనది. మెగ్నీషియం, కాల్షియంల పట్టు వాటితో పోలిస్తే చాలా వదులు. అంటే 'లోహం' అన్న ఒక్క మాట కింద ఎంతో తారతమ్యం ఉంది. ఆ తారతమ్యాన్ని చెప్పని వివరణ చికిత్సకు ఉపకరించదు.

4. అంకెలు చెప్పే సాక్ష్యం

ఫిన్లాండ్‌కు చెందిన పెర్టి న్యూవోనెన్ బృందం 1970లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో నేటికీ ప్రామాణికం. ఫెర్రస్ సల్ఫేట్‌ను కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో టెట్రాసైక్లిన్ స్థాయి 40 నుండి 50 శాతం, ఆక్సీటెట్రాసైక్లిన్ స్థాయి 50 నుండి 60 శాతం, డాక్సీసైక్లిన్ స్థాయి 80 నుండి 90 శాతం తగ్గినట్లు ఆ బృందం గమనించింది. ఇదే డాక్సీసైక్లిన్‌పై పాల ప్రభావం సుమారు 20 శాతమే. కడుపులో ఇబ్బంది కలిగితే దీనిని ఆహారంతోనో పాలతోనో తీసుకోవచ్చునని తయారీదారుల సూచనపత్రాలే చెబుతాయి. అంటే పాలను ఎక్కువగా సహించే టెట్రాసైక్లినే ఇనుముకు ఎక్కువగా లొంగుతున్నది. "పాలతో పడదు" అన్న నియమాన్ని తు.చ. తప్పక పాటించిన రోగి, అదే పూట ఐరన్ మాత్ర వేసుకొంటే మందులో అధికభాగాన్ని కోల్పోతాడు.

డాక్సీసైక్లిన్ విషయంలో మరొక చిక్కు ఉంది. సిర ద్వారా ఎక్కించినప్పుడు సైతం, నోటి ద్వారా ఇచ్చిన ఇనుము రక్తంలో దాని నిలకడను తగ్గిస్తుందని ఫిన్లాండ్ పరిశోధకులే తర్వాత చూపారు. రక్తంలోని ఔషధంలో కొంత పైత్యరసం ద్వారా, పేగు గోడ ద్వారా తిరిగి పేగులోకి వస్తుంది. అక్కడ ఇనుము కాచుకొని ఉంటే అది మళ్ళీ శోషణకు నోచుకోదు. రెండు మాత్రల నడుమ రెండు గంటల ఎడం పాటిస్తే చాలునన్న సామాన్య సూత్రం ఇక్కడ పూర్తిగా వర్తించదు.

ఫ్లోరోక్వినలోన్‌లలోనూ ఇటువంటి భేదాలే ఉన్నాయి. అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన యాంటాసిడ్ సిప్రోఫ్లోక్సాసిన్ జీవలభ్యతను 90 శాతం వరకు తగ్గించగలదు. పాలు దాదాపు మూడోవంతు తగ్గిస్తాయి. నార్‌ఫ్లోక్సాసిన్‌పై పాల ప్రభావం సుమారు సగం. ఆఫ్లోక్సాసిన్ శోషణను పాలు, పెరుగు చెప్పుకోదగినంతగా తగ్గించవు. ఎడం విషయంలోనూ ఏకరూపత లేదు. లోహాలున్న మందులకు రెండు గంటల ముందు లేదా ఆరు గంటల తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్. రెండు గంటల ముందు లేదా రెండు గంటల తర్వాత లీవోఫ్లోక్సాసిన్. నాలుగు గంటల ముందు లేదా ఎనిమిది గంటల తర్వాత మోక్సిఫ్లోక్సాసిన్ తీసుకోవాలన్నది అమెరికాలో ఆమోదం పొందిన సూచనపత్రాల మాట.

ఈ రెండు కుటుంబాలకే సమస్య పరిమితం అనుకోవడమూ పొరపాటే. సెఫలోస్పోరిన్‌లు సాధారణంగా ఈ జాబితాలోకి రావు. అయినా వాటిలో ఒకటైన సెఫ్డినిర్ శోషణను 60 మిల్లీగ్రాముల ఇనుము సుమారు 80 శాతం తగ్గిస్తుంది. కాబట్టి కుటుంబనామం చెప్పి నియమాన్ని ముగించడం శాస్త్రసమ్మతం కాదు.

ఇక్కడ భాషావ్యవహారం కూడా పరిశీలించదగినది. తెలుగు ఇళ్ళలో 'గ్యాస్ మందు' అన్న మాట రెండు భిన్నమైన ఔషధాలకు వర్తిస్తుంది. ఒకటి అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న జెల్. మరొకటి ఆమ్లస్రావాన్ని తగ్గించే పాంటొప్రజోల్ వంటి మాత్ర. మొదటిది యాంటీబయాటిక్‌ను పట్టుకుంటుంది, రెండవది పట్టుకోదు. అలాగే 'బలం మాత్ర' అన్నది బి-కాంప్లెక్స్ ఒక్కటే కావచ్చు, జింకూ ఇనుమూ కలిసినదీ కావచ్చు. రోగి "గ్యాస్ మందు వేసుకున్నాను" అన్నప్పుడు వైద్యుడు మాత్ర పేరో, డబ్బా మీది వివరమో అడగకపోతే అసలు సమాచారం చేతికి అందదు. ప్రజల మాట తప్పు కాదు. దానిని విడదీసి అడగకపోవడమే లోపం.

5. అడ్డంకి నుండి ఆలంబనకు

ఇంతవరకు లోహ అయాన్ ప్రతికూల పాత్రనే పోషించింది. పాఠ్యాంశం సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. కాని కథలోని రెండవ భాగం దీనికి పూర్తిగా భిన్నమైనది. పేగులో ఔషధాన్ని అడ్డుకున్న రసాయన గుణమే బాక్టీరియా లోపల ఔషధానికి బలమవుతుంది.

టెట్రాసైక్లిన్ బాక్టీరియా రైబోసోమ్‌లోని 30ఎస్ ఉపభాగానికి అంటుకొని ప్రోటీన్ తయారీని నిలిపివేస్తుంది. వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం 2000లో వెలువరించిన స్ఫటిక నిర్మాణంలో ఔషధానికీ, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏకూ మధ్య మెగ్నీషియం అయాన్ ఉన్నట్లు కనిపించింది. ఔషధం ఏ ఆక్సిజన్లతో పేగులో ఇనుమును పట్టుకుంటుందో దాదాపు అవే ఇక్కడ మెగ్నీషియంను పట్టుకుంటాయి. ఆ మెగ్నీషియం మరోవైపు ఆర్‌ఎన్‌ఏలోని ఫాస్ఫేట్లను పట్టుకుంటుంది. ఫ్లోరోక్వినలోన్‌ల విషయంలోనూ ఇంతే. వాటి కార్బాక్సిల్, కీటో సమూహాలు పట్టుకున్న మెగ్నీషియం అయాన్ నీటి అణువుల ద్వారా డీఎన్‌ఏ గైరేజ్ ఎంజైములోని సెరీన్‌తోను, దాని సమీపంలోని ఆమ్ల అమైనో ఆమ్లంతోను వంతెన కడుతుంది. ఈ రెండు స్థానాలలో వచ్చే మార్పులే ఫ్లోరోక్వినలోన్ నిరోధకతకు తరచుగా కారణమవుతాయి. అంటే బాక్టీరియా ఇక్కడ కూలుస్తున్నది లోహపు వంతెననే.

నిరోధకతకు సంబంధించిన ఇతర సాక్ష్యాలూ దీనినే బలపరుస్తున్నాయి. టెట్‌ఆర్ అనే బాక్టీరియా ప్రోటీన్ టెట్రాసైక్లిన్‌ను ఒంటరిగా కాక మెగ్నీషియంతో కూడిన జంటగా గుర్తిస్తుందని 1994లో వెలువడిన స్ఫటిక నిర్మాణం తెలిపింది. ఔషధాన్ని బయటకు తోసే టెట్‌ఏ పంపు కూడా లోహంతో కూడిన ఔషధాన్నే తోస్తుంది. టెట్‌ఎక్స్ అనే ఎంజైము ఔషధానికి ఒక ఆక్సిజన్‌ను చేర్చి, లోహాన్ని పట్టుకొనే కొండినే చెడగొడుతుంది. ఔషధం బలం ఎక్కడుందో శత్రువుకు తెలిసినంతగా పాఠ్యగ్రంథానికి తెలియదా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు.

మరి కొన్ని ఔషధాలు లోహం లేనిదే పనిచేయవు. డాప్టోమైసిన్ బాక్టీరియా పొరలో చేరడానికి కాల్షియం అవసరం. బాసిట్రాసిన్‌కు జింకు వంటి లోహం తోడు కావాలి. 2019లో అమెరికాలో ఆమోదం పొందిన సెఫిడెరోకాల్ ఇనుమును పట్టుకొని, బాక్టీరియా ఇనుము కోసం తెరిచి ఉంచిన ద్వారం గుండానే లోపలికి ప్రవేశిస్తుంది. మరోవైపు ఎన్‌డీఎం-1 వంటి ఎంజైములు తమ క్రియాస్థానంలో రెండు జింకు అయాన్లను ఉంచుకొని, కార్బపెనెమ్ ఔషధాలను ఛేదిస్తాయి. ఒకే లోహం ఒకచోట ఔషధానికి సహాయకం, మరొకచోట దానిని తెగగొట్టే ఆయుధం. లోహానికి స్వతహాగా పక్షం లేదు. అది ఎవరి చేతిలో, ఏ స్థలంలో ఉన్నదన్నదే ప్రధానం.

6. రక్తంలో, ఎముకలో

శోషణ ఒక్కటే సమస్య అయితే సూదిమందుకు ఈ చర్చ వర్తించకూడదు. సెఫ్ట్రియాక్సోన్ ఉదాహరణ ఆ భావనను ఖండిస్తుంది. ఈ ఔషధం కాల్షియంతో కలిసి కరగని అవక్షేపాన్ని ఏర్పరచగలదు. రెండూ సిర ద్వారా పొందిన నవజాత శిశువులలో మరణాలు సంభవించాయి. ఊపిరితిత్తులలో, మూత్రపిండాలలో అవక్షేపం కనిపించింది. అందువల్ల 28 రోజుల లోపు శిశువులకు సిర ద్వారా కాల్షియం ఇస్తున్నప్పుడు, లేదా ఇవ్వవలసి ఉన్నప్పుడు ఈ ఔషధం నిషిద్ధం. రింగర్ లాక్టేట్ సెలైన్‌లోనూ కాల్షియం ఉంటుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. పాల పేరుతో నేర్చుకున్న నియమం ఈ ప్రమాదాన్ని ఊహించనైనా ఊహించలేదు.

టెట్రాసైక్లిన్ ఎదిగే దంతాలలోను, ఎముకలలోను కాల్షియంతో కలిసి నిలిచిపోతుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలలో పళ్ళు శాశ్వతంగా పసుపు, గోధుమ రంగులకు మారడానికి కారణం ఇదే. ఈ గుణాన్నే ఆధారం చేసుకొని, రెండు విడతలుగా టెట్రాసైక్లిన్ ఇచ్చి, మెరిసే గీతల నడుమ దూరాన్ని కొలిచి, ఎముక పెరుగుదల వేగాన్ని లెక్కించే పద్ధతి రూపొందింది. ఒక సందర్భంలో హాని అయినది మరొక సందర్భంలో కొలమానమైంది.

ఈ హానిభయం కూడా అతివ్యాప్తికి లోనైంది. డాక్సీసైక్లిన్ కాల్షియంను పాత టెట్రాసైక్లిన్ అంతగా పట్టుకోదు. స్వల్పకాల చికిత్సలో దీని వల్ల పళ్ళకు మచ్చలు పడిన ఆధారాలు కనిపించకపోవడంతో, 21 రోజుల వరకు ఏ వయసు పిల్లలకైనా దీనిని వాడవచ్చునని అమెరికా శిశువైద్య అకాడమీ 2018లో పేర్కొన్నది. స్క్రబ్ టైఫస్ వంటి రికెట్సియా జాతి జ్వరాలలో ఈ మందు ఆలస్యమైతే ప్రాణాపాయం. అటువంటప్పుడు కుటుంబనామం చూసి పిల్లలకు మందు ఆపడం పళ్ళను కాపాడబోయి ప్రాణాన్ని పణంగా పెట్టడమే.

7. ప్రయోగశాలకూ మందులచీటీకీ నడుమ

బాక్టీరియా ఏ ఔషధానికి లొంగుతుందో తేల్చే పరీక్షలో లోహ అయాన్లకు ఎంతటి ప్రాధాన్యం ఉన్నదో గమనిస్తే, ప్రస్తుత వివరణలోని వైరుధ్యం స్పష్టమవుతుంది. ఆ పరీక్షకు వాడే ముల్లర్–హింటన్ ద్రవంలో లీటరుకు కాల్షియం 20 నుండి 25 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 10 నుండి 12.5 మిల్లీగ్రాములు ఉండేలా సరిచేస్తారు. డాప్టోమైసిన్ పరీక్షకు కాల్షియంను 50 మిల్లీగ్రాములకు పెంచుతారు. సెఫిడెరోకాల్ పరీక్షకు ఇనుమును తొలగిస్తారు. లోహం మారితే ఫలితం మారుతుందని ప్రయోగశాలకు తెలుసు. అంత జాగ్రత్తతో వెలువడిన నివేదిక ఆధారంగా రాసిన చీటీలో మాత్రం యాంటీబయాటిక్, ఐరన్, జింకు, యాంటాసిడ్ ఒకే పూటకు "భోజనం తర్వాత" అన్న సూచనతో పక్కపక్కన చేరే అవకాశం ఉంది.

ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. ఔషధ నిరోధక క్షయ చికిత్సలో లీవోఫ్లోక్సాసిన్, మోక్సిఫ్లోక్సాసిన్ ముఖ్యమైనవి. ఆ రోగులలో రక్తహీనత, కడుపులో మంట తరచుగా కనిపిస్తాయి కనుక ఐరన్, యాంటాసిడ్ అవసరమూ ఏర్పడుతుంది. పిల్లల విరేచనాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ జింకును సిఫారసు చేసింది. రక్త విరేచనాలకు సిప్రోఫ్లోక్సాసిన్‌నూ సూచించింది. రెండు సిఫారసులూ సరైనవే. వేళలు కలిసిపోతే మాత్రం ఒకటి మరొకదానిని బలహీనపరుస్తుంది. చాలీచాలని మోతాదులో ఔషధానికి గురైన బాక్టీరియా చావక, నిరోధకతను సంతరించుకొనే అవకాశం పెరుగుతుంది. అప్పుడు మందు పనిచేయలేదన్న నింద ఔషధం మీదో, రోగి మీదో పడుతుంది. వేళ మీద పడదు.

8. ఆక్షేపణలు, సమాధానాలు

ఈ విమర్శకు రెండు ఆక్షేపణలు రావచ్చు. వందలమంది రోగులను చూసే వైద్యుడు రైబోసోమ్ నిర్మాణాన్ని వివరించలేడు కనుక చిన్న నియమమే ఉపయోగకరమన్నది మొదటిది. ఇది సమంజసమే. కాని నియమం చిన్నదిగా ఉండడానికి తప్పుగా ఉండనవసరం లేదు. "పాలతో వద్దు" అనే బదులు "ఐరన్, కాల్షియం, జింకు మాత్రలు, కడుపుమంటకు తాగే తెల్లని మందు దీనితో కలపకండి, ఇన్ని గంటల ఎడం ఉంచండి" అనడానికి అదనంగా పట్టే సమయం అత్యల్పం.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. పైన పేర్కొన్న శోషణ ఫలితాలు ఎక్కువగా ఆరోగ్యవంతులపై, ఒకే మోతాదుతో జరిపిన ప్రయోగాల నుండి వచ్చినవి. రక్తంలో ఔషధస్థాయి తగ్గినంత మాత్రాన ప్రతి రోగిలోనూ చికిత్స విఫలమవుతుందని చెప్పలేము. ఈ ఆక్షేపణను అంగీకరించవలసిందే. 20 శాతం తగ్గుదలకు భయపడనవసరం లేదు. కాని 80, 90 శాతం తగ్గుదలను అదే గాటన కట్టడం తగదు. తారతమ్యం చెప్పమన్నదే ఈ విమర్శ సారం కనుక, ఈ ఆక్షేపణ దానిని ఖండించక పోగా బలపరుస్తుంది.

9. ముగింపు

లోహ అయాన్ ఔషధానికి శత్రువు కాదు, మిత్రుడూ కాదు. పేగులో అది అడ్డంకి, రైబోసోమ్ వద్ద వంతెన, దంతంలో మచ్చ, సిరలో అవక్షేపం. ఈ నాలుగింటి వెనుక ఉన్నది ఒకే రసాయన గుణం. నాలుగింటిని కలిపి బోధించినప్పుడే విద్యార్థికి అది సూత్రమవుతుంది; మొదటిదానిని మాత్రమే చెప్పినప్పుడు అది పథ్యంగా మిగిలిపోతుంది. ఏ ఔషధం, ఏ లోహం, శరీరంలో ఏ స్థలం, ఏ వేళ అన్న నాలుగు ప్రశ్నలు బోధనలో చోటు చేసుకోవాలి. తెలుగులో వైజ్ఞానిక రచన చేసేవారు పరిభాషను అనువదించడంతో తృప్తి పడక, 'గ్యాస్ మందు', 'బలం మాత్ర' వంటి వాడుకమాటల వెనుక ఏ లోహం ఉన్నదో విడమరచి చెప్పవలసి ఉంది. పథ్యానికి కారణం తోడైతే, డబ్బా మీది పేరు చదివి ఏ మాత్ర ఏ పూటకో రోగి తానే నిర్ణయించుకోగలుగుతాడు.